సవరణ: ఆ 20 శాతం డీజిల్‌ది కాదు

బంకుల్లో పోసే డీజిల్లో ఇప్పుడు 20 శాతం బయోడీజిల్ (మొక్కల నూనెల వంటి వాటి నుంచి తీసే ఇంధనం) కలుస్తోందని, అందుకే పాత ట్రాక్టర్లు మొరాయిస్తున్నాయని పోయిన వారం రాశాను. అది తప్పు. ఆ 20 శాతం పెట్రోలులో కలిపే ఇథనాల్ లెక్క. రెండింటినీ కలగాపులగం చేసింది నేనే.

జాతీయ జీవ ఇంధన విధానం (2018) డీజిల్‌కు పెట్టుకున్న లక్ష్యం 2030 నాటికి 5 శాతం మాత్రమే. మామూలు డీజిల్‌కు ఉన్న భారతీయ ప్రమాణం 7 శాతం వరకు ఒప్పుకుంటుంది. అంతకు మించి 20 దాకా కలిపితే దానికి ప్రమాణమే వేరు. కేంద్రం వెలువరించిన విధాన పత్రంలో, ప్రమాణాల పత్రాల్లో చూసి ఈ అంకెలు సరిచేస్తున్నాను.

ఒక్క మాట మాత్రం వెనక్కి తీసుకోను. బయోడీజిల్ వాటా ఎక్కువైతే ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి కరిగి ఫిల్టరుకు చేరుతుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలు, సీళ్లు ఉబ్బుతాయి. బయోడీజిల్ తేమను కూడా లాక్కుంటుంది.

ఇక పోయిన వారం పోస్టులో నేను ఫొటో పెట్టిన ఫిల్టరు సంగతి. హాలియా దగ్గర మా బావ ట్రాక్టరుది. మెకానిక్ విప్పితే గిన్నె అడుగున అంగుళం నీళ్లు, ఎర్రటి తుప్పు నలుసులు కనిపించాయి. సాగర్ ఎడమ కాలువ కింద నాట్ల హడావుడిలో మాటిమాటికీ బంకుకు వెళ్లలేక డ్రమ్ములో డీజిల్ నిల్వ చేసి, మూత బిగించకుండా వానకు వదిలేసింది మేమే. బంకువాళ్లను ఊరికే తిట్టాను. పాత పోస్టు తీసేశాను. దాన్ని వాట్సాప్‌లో పంపినవాళ్లు దీన్నీ పంపండి.