మన జిల్లాలో ఎవరూ గుర్తించని పరిశ్రమ

శ్రీకాకుళం జిల్లా ప్రస్తావన వస్తే చాలు, పెద్దలందరూ ఒకటే పాట ఎత్తుకుంటారు. పరిశ్రమల్లేవు, కుర్రాళ్లు హైదరాబాదుకీ చెన్నైకీ వలస పోతున్నారు, ఊళ్లలో ముసలివాళ్లే మిగిలారు అని. పైడిభీమవరంలో మందుల ఫ్యాక్టరీలు, పలాసలో జీడిపప్పు, పొందూరులో ఖద్దరు తప్ప ఇంకేముంది అని నిట్టూరుస్తారు. ఈ నిట్టూర్పుల మీద నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. పెట్టుబడి అక్కర్లేని, భూసేకరణ అక్కర్లేని, పొగ గానీ మురుగు గానీ వదలని ఒక భారీ పరిశ్రమ ఎన్నో ఏళ్లుగా మన మధ్యే నడుస్తోంది. శంకుస్థాపన జరగలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు, అంతే.

ఆ పరిశ్రమకి ముడిసరుకు ఒకే ఒక్క వాక్యం: "ఈ పేజీ తెరవడానికి కావలసిన ప్లగిన్ మీ బ్రౌజర్‌లో లేదు." ప్లగిన్ అంటే బ్రౌజర్‌కి బయటి నుంచి తగిలించే ప్రోగ్రామ్.

ఇది తెర మీద పడిన క్షణం నుంచి ఎన్ని చేతులకి పని దొరుకుతుందో చూడండి. గారలో మనిషి బస్సెక్కుతాడు, ఆర్టీసీకి ఆదాయం. కాంప్లెక్సులో దిగి టీ తాగుతాడు. ఆటో ఎక్కి ఏడు రోడ్ల కూడలి దగ్గరి నెట్ సెంటర్‌కి చేరతాడు. అక్కడ ముందుగా ఆధార్ జిరాక్సు ఒకటి తీస్తారు. ఎందుకో తీసేవాడికి తెలియదు, తీయించుకునేవాడు అడగడు. ఈలోగా సర్వర్ డౌన్ అంటారు, హోటల్లో ఒక భోజనం ఖర్చవుతుంది. సాయంత్రానికి ప్రింటు చేతికొస్తే దానికి లామినేషన్ చేయించుకుని మళ్లీ బస్సెక్కుతాడు. అదే పేజీ ఇంట్లో, మంచం మీద, చేతిలో ఉన్న ట్యాబ్‌లో తెరుచుకుని ఉంటే ఇంతమంది నోట్లో మట్టి కొట్టినట్టే కదా?

అదృష్టవశాత్తూ ట్యాబ్‌లో తెరుచుకోదు. మా వీధిలో ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారున్నారు. బెంగళూరులో ఉన్న కొడుకు ఆయనకి ఒక ట్యాబ్ కొని పంపాడు, "ఇక మీరు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు నాన్నా" అంటూ. ఆయన దాన్ని సంచిలో పెట్టుకుని నెట్ సెంటర్‌కి వెళ్లారు.

"ఏటి బాబూ, ఇంత ఖరీదు పెట్టి కొన్న ట్యాబు మీద ఒక్క ఫారం తెరవదేటి?"

"ట్యాబు మీద అవ్వదండి మాస్టారూ. సిస్టం కావాలండి."

"మరి ఇదీ సిస్టమే కదా?"

"కాదండి. ఇది ట్యాబండి."

లెక్కల మాస్టారు కాబట్టి నిర్వచనం దగ్గర ఇక వాదించలేదు.

పక్కన కూర్చున్న ఇంజనీరింగ్ కుర్రాడు మాత్రం ఊరుకోలేదు. మెనూలో "డెస్క్‌టాప్ సైట్" అని ఉంటుంది, టిక్కు పెట్టండి తాతగారూ అన్నాడు. పెట్టారు. అక్షరాలు చీమల్లా చిన్నవయ్యాయి, ఫారం మాత్రం తెరుచుకోలేదు. కారణం ఉంది. ఆ టిక్కు చేసేదల్లా "నేను ట్యాబ్‌ని కాదు, కంప్యూటర్‌ని" అని సైటుకి అబద్ధం చెప్పడం, పేజీని కాస్త వెడల్పు చేయడం. బ్రౌజర్లకి అబద్ధాలు కొత్తేమీ కాదు. క్రోమ్, సఫారీ, ఎడ్జ్ ఏదైనా సరే, సైటుకి తన పరిచయం చెప్పుకునేటప్పుడు మొదట "మొజిల్లా" అనే అంటుంది. పాతకాలపు సైట్లు ఆ పేరు వింటేనే తలుపు తీసేవి, ఆ అలవాటు పోలేదు. ఐప్యాడ్ అయితే 2019 నుంచి ఎవరూ అడగకపోయినా తాను మ్యాక్ కంప్యూటర్‌నని చెప్పుకుంటోంది. దాంతో కొన్ని సైట్లు నమ్మేసి మ్యాక్ ప్లగిన్ దించుకోమంటాయి. అది ఐప్యాడ్‌లోకి ఎక్కదు. ఆ సైటూ ఆ ఐప్యాడూ ఎంతో మర్యాదగా మాట్లాడుకుంటాయి, పని మాత్రం జరగదు.

ఈ పరిశ్రమకి పునాది వేసిన మహానుభావులు అమెరికాలో ఉన్నారు. 1995లో నెట్‌స్కేప్ కంపెనీ తన బ్రౌజర్‌లో బయటి ప్రోగ్రాములకి దారి వదిలింది. బ్రౌజర్‌కి చేతకాని పని ఏదైనా ఉంటే ప్లగిన్ ఒకటి లోపలికొచ్చి చేసిపెడుతుంది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ అలాంటిదే యాక్టివ్‌ఎక్స్ తెచ్చింది, పేజీల్లో కదిలే బొమ్మలు, వీడియోలు, ఆటలు నడిపే ఫ్లాష్ ప్లగిన్ కూడా వేరే పేరుతో అదే ఏడాది పుట్టింది. లోపలికొచ్చిన ప్లగిన్ చెప్పిన పని చేసి వెళ్లిపోతుందన్న హామీ ఏమీ లేదు. దానికి ఇల్లంతా అప్పజెప్పినట్టే, కావాలంటే సిస్టంలోని ఫైళ్లన్నీ తిరగేయగలదు. ఈ చిన్న లోపాన్ని పట్టుకుని భద్రత, భద్రత అని గోల పెట్టినవాళ్లే తర్వాత పరిశ్రమకి శత్రువులయ్యారు.

మొదటి దెబ్బ 2010 ఏప్రిల్‌లో పడింది. ఐప్యాడ్ అమ్మకానికొచ్చిన నెలలోనే ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ ఒక బహిరంగ లేఖ రాసి, ఫ్లాష్ బ్యాటరీ తినేస్తుందనీ, భద్రత లేదనీ, మౌస్ కోసం చేసినది వేలికి పనికిరాదనీ తేల్చేశాడు. ఆండ్రాయిడ్‌వాళ్లు మా దగ్గర ఫ్లాష్ ఉంది చూడండి అని మీసం తిప్పారు. 2011 నవంబరులో ఫ్లాష్ యజమాని అడోబీ తానే మొబైల్ ఫ్లాష్ నుంచి తప్పుకుంటున్నట్టు చెప్పింది, 2012 ఆగస్టులో ప్లే స్టోర్ నుంచి తీసేసింది. తిప్పిన మీసాలు అలాగే ఉండిపోయాయి. కంప్యూటర్లలో కూడా 2020 డిసెంబరు 31తో ఫ్లాష్‌కి ఆయుష్షు తీరుతుందని 2017 జూలైలోనే ప్రకటించారు. దాదాపు మూడున్నరేళ్ల నోటీసు. మన దగ్గర అది ఒక ఫైలు ఈ టేబుల్ మీద నుంచి పక్క టేబుల్ మీదికి చేరడానికి పట్టే సమయం. సమంజసమేనా?

ప్రపంచంలో కర్తవ్యం తెలిసిన సంస్థలు లేకపోలేదు. 2021 జనవరిలో ఫ్లాష్ ఆగిపోగానే చైనాలోని దాలియన్ రైల్వే సిబ్బంది, తమ వ్యవస్థని మార్చుకునే చిల్లర పని పెట్టుకోకుండా, పాత ఫ్లాష్ వెర్షన్ వెతికి పట్టుకొచ్చి ఎక్కించుకున్నారు. దక్షిణాఫ్రికా పన్నుల శాఖ ఇంకా ముందుకెళ్లింది. తమ ఫారాలు కొన్ని ఫ్లాష్‌లో ఉన్నాయి, ఏ బ్రౌజరూ ఫ్లాష్‌ని రానివ్వడం లేదు. ఫారాలు మార్చాలా? అక్కర్లేదు. ఫ్లాష్ నడిచే సొంత బ్రౌజర్‌నే తయారుచేసి జనానికి ఇచ్చారు. పన్ను కట్టేవాడు ఆ బ్రౌజర్ దించుకుని, ఆ ఒక్క పని చేసుకోవాలి. ఈ వార్త చదివిన రోజు నాకు ఎంత ఉత్సాహం కలిగిందో చెప్పలేను.

అందుకే నా ప్రతిపాదన: జిల్లాకొక బ్రౌజర్. మనది "సిక్కోలు బ్రౌజర్". విజయనగరంవాళ్లు ఎలాగూ ఊరుకోరు, మూడు లాంతర్ల గుర్తుతో వాళ్లది వాళ్లు చేసుకుంటారు. ఒకదాంట్లో తెరుచుకున్నది రెండోదాంట్లో తెరుచుకోకూడదన్నది కనీస నియమం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరానికి, పాలకొండ పార్వతీపురం మన్యానికి వెళ్లాయి కాబట్టి అక్కడివాళ్లకి బ్రౌజర్ మార్పిడి ధ్రువపత్రం కావాల్సి వస్తుంది. దానికో ఫారం, ఆ ఫారానికో ప్లగిన్. ఉపాధి తనంతట తనే పెరుగుతుంది.

కాంట్రాక్టర్ల గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ పరిశ్రమలో వాళ్లది ఖరీదైన విభాగం. ఆన్‌లైన్ టెండరుకి డిజిటల్ సంతకం కావాలి. 2000 నాటి ఐటీ చట్టం ఆ సంతకానికి చేతి సంతకంతో సమానమైన విలువ ఇచ్చింది. అది పెన్‌డ్రైవ్‌లా కనిపించే ఒక టోకెన్‌లో ఉంటుంది. దాన్ని సిస్టంకి గుచ్చాలి, దాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామ్ ఎక్కించాలి, బ్రౌజర్ దాన్ని గుర్తుపట్టాలి. ఒకప్పుడు ఆ గుర్తుపట్టించే పని జావా ప్లగిన్ మీద నడిచే ఆప్లెట్ అనే చిన్న ప్రోగ్రామ్ చేసేది. 2015 సెప్టెంబరులో క్రోమ్ ఆ దారి మూసింది. 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ మూసింది. 2018లో జావావాళ్లే తమ 11వ వెర్షన్ నుంచి ఆ భాగాన్ని పీకేశారు. ఇప్పటి పద్ధతిలో, సంతకం పెట్టించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి అదే సిస్టంలో వెనకాల నడుస్తూ ఉంటుంది, వెబ్‌సైటు దాన్ని చాటుగా పిలిచి పని చేయించుకుంటుంది. ఈ చాటుమాటు వ్యవహారం యాంటీవైరస్‌కి నచ్చదు. టెండరు గడువు మూడు గంటలకైతే యాంటీవైరస్‌కి రెండున్నరకి అనుమానం వస్తుంది. ఆ అరగంటలో నెట్ సెంటర్ కుర్రాడికి దొరికే గౌరవం జిల్లాలో ఇంకెవరికీ దొరకదు. కోట్ల పనులు చేసే పెద్దమనుషులు "నాయనా, కాస్త చూడు నాయనా" అంటూ వెనక నిలబడతారు. ట్యాబ్‌లో ఈ తంతు సాధ్యం కాదు. టోకెన్ గుచ్చే చోటు దొరికినా డ్రైవర్ దొరకదు.

ఇక అసలు దేవుడి దగ్గరకి వద్దాం. ప్రతి మంచి నెట్ సెంటర్‌లోనూ మూల ఒక సిస్టం ఉంటుంది. అందులో విండోస్ 7. దానికి మైక్రోసాఫ్ట్ 2020 జనవరిలోనే దణ్ణం పెట్టేసింది. ప్లగిన్లని ఇంకా రానిచ్చే పాత ఫైర్‌ఫాక్స్, 32-బిట్ జావా, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్. సీపీయూ మీద దసరాకి పెట్టిన కుంకుమ బొట్టు, దాని కింద ఎర్ర స్కెచ్ పెన్‌తో "అప్‌డేట్ చెయ్యొద్దు". కొత్తగా చేరిన కుర్రాడు తెలియక ఒకసారి "అప్‌డేట్ నౌ" నొక్కబోతే ఓనరు కుర్చీలోంచి లేచిన వేగం నేను కళ్లారా చూశాను. మిగతా సిస్టంలు సినిమా టికెట్లకీ రైలు టికెట్లకీ. ఎవరికీ తెరుచుకోని పోర్టల్ ఈ ఒక్కదాంట్లోనే తెరుచుకుంటుంది. 2022 జూన్ 15న ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి మైక్రోసాఫ్ట్ పదవీ విరమణ ప్రకటించినా ఈ మూలన అది ఇంకా డ్యూటీలోనే ఉంది. పక్క సిస్టంలో ఎడ్జ్ ఉంది, దాంట్లో పాత ఎక్స్‌ప్లోరర్‌లా నటించే మోడ్ కూడా ఉంది. కనీసం 2029 దాకా ఉంచుతామన్నారు. కానీ మనం అందులో చేర్చిన సైటు పేరు 30 రోజులకి చెరిగిపోతుంది, మళ్లీ చేర్చాలి. ఆ సిస్టంకి బొట్టు పెట్టకపోవడానికి అదే కారణం కావచ్చు.

ఈ మూలవిరాట్టు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో సగం పట్టణం ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీలు ఉన్నాయి. భద్రతా అప్‌డేట్లు ఆగి ఏళ్లయిన సిస్టం అది. ఎవరి ఫైలు ఎవరు తీసుకెళ్లినా అడిగేవాడు లేడు. అయినా పోర్టల్ పెట్టినవాళ్లకి ఈ విషయంలో ఏ బాధ్యతా లేదు. ఆధార్ ఇచ్చింది మనం, దించింది కుర్రాడు, దాచింది సిస్టం. వాళ్లు పెట్టింది ప్లగిన్ షరతు మాత్రమే.

ఇలాంటి సిస్టంని పురావస్తు శాఖ రక్షిత కట్టడంగా ప్రకటించాలని కోరుతున్నాను. శాలిహుండం స్తూపాలకి, ముఖలింగం గుడికి లేని ప్రమాదం దీనికి ఉంది: ఒక్కరాత్రి కరెంటు హెచ్చుతగ్గులు చాలు. శ్రీకూర్మం స్తంభాల మీది శాసనాలు వందల ఏళ్ల నాటివి. లిపి తెలిసినవాడు ఇవాళ వెళ్లినా ఎదురుగా నిలబడి చదువుకోవచ్చు. వాటిని చెక్కినవాళ్లకి పరిశ్రమ స్పృహ లేదనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. 2008లో ఫ్లాష్‌లో చేసిన పేజీ ఇవాళ ఏ బ్రౌజర్‌లోనైనా తెరిచి చూడండి, స్పృహ అంటే ఏమిటో తెలుస్తుంది.

అయితే శత్రువులు చురుగ్గానే ఉన్నారు. 2014 అక్టోబరులో వెబ్ పేజీలు రాసే భాషకి కొత్త రూపమైన హెచ్‌టీఎంఎల్5 అధికారిక ప్రమాణమైంది. వీడియో, బొమ్మలు, ఆటలు అన్నీ ఏ ప్లగినూ లేకుండా బ్రౌజరే చూపించగలదు. తెలుగు విషయంలో ఈ దుర్ఘటన అంతకుముందే జరిగిపోయింది. ఒకప్పుడు తెలుగు పత్రికల సైట్లు తెరవాలంటే ఒక్కో పత్రికకి ఒక్కో ఫాంటు. సైటే పంపే ఫాంటు ఎక్స్‌ప్లోరర్‌లో తప్ప కుదురుగా కనిపించేది కాదు. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లు ఆ అక్షరాల్ని, అన్ని సిస్టంలకీ ఒకటే పద్ధతి అయిన యూనికోడ్‌లోకి మార్చడానికి పద్మ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టుకునేవారు. ఫాంటు ఎక్కించడం అప్పట్లో ఒక చేతివృత్తి. యూనికోడ్ అందరూ వాడటం మొదలెట్టాక ఏ ఫోన్‌లోనైనా తెలుగు కనిపిస్తోంది, వృత్తి పోయింది. ఆ కుటుంబాలకి పునరావాసం గురించి ఎవరైనా మాట్లాడారా? పెన్షనర్ల సంగతీ అంతే. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ వచ్చాక, తాము బతికే ఉన్నామని వేలిముద్ర యంత్రం ముందు రుజువు చేసుకోవడానికి పెద్దవాళ్లు సెంటర్‌కి వచ్చేవారు. ఆ యంత్రానికీ ఒక డ్రైవర్, ఒక సర్వీసు ఉండేవి, అవి అలుగుతూ ఉండేవి. ఇప్పుడు ఫోన్ కెమెరాకి ముఖం చూపిస్తే చాలంటున్నారు. ఇంట్లో కూర్చుని బతికి ఉండటం మంచి అలవాటు కాదు.

ఇటీవల నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. మాస్టారు తెరవాలనుకున్న ఆ పోర్టల్ ప్లగిన్ తీసేసిందట, ఇక అంతా యాప్ ద్వారానే అట. పరిశ్రమ మూతపడిందనే అనుకున్నాను. మాస్టారు ట్యాబ్ తీసి యాప్ పేరు వెతికారు. "ఈ యాప్ మీ పరికరానికి అనుకూలమైనది కాదు" అని వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ట్యాబు పాతదైపోయిందండి మాస్టారూ," అన్నాడు నెట్ సెంటర్ కుర్రాడు. "మా ఫోన్‌లో అవుతాదండి. ఓటీపీ వస్తే చెప్పీండి, చేసీగలను."

గోడ మీది రేటు కాగితంలో "ప్లగిన్ పని" కొట్టేసి "యాప్ పని" అని రాశారు. ఇరవై రూపాయలు ఎక్కువ. గిరాకీ బాగుండటంతో ఓనరు సెంటర్ పెద్దది చేయాలని బ్యాంకు లోనుకి చూస్తున్నాడు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలట. బొట్టు పెట్టిన సిస్టంలో ప్రయత్నించాడు, మీ బ్రౌజర్ మరీ పాతది, తెరవలేము అంటోంది.