మన బగ్గులు ఎవరింట్లో ఉండాలి?

(తెలుగు ఫాంట్లు, కీబోర్డులు ఉచితంగా పంచే ఒక వాలంటీర్ల వెబ్‌సైటు. ఇన్నాళ్లూ ఫిర్యాదులన్నీ వాట్సాప్ గ్రూపులోకే వచ్చి అక్కడే పాతబడిపోయాయి. సాఫ్ట్‌వేర్ తప్పులను, అంటే బగ్గులను, ఒకచోట నమోదు చేసుకునే బగ్ ట్రాకర్ కావాలని అందరూ ఒప్పుకున్నారు, ఏది పెట్టాలన్న దగ్గరే పేచీ. అడ్మిన్ సర్వర్ చూసుకుంటాడు. వాలంటీర్ ఫిర్యాదులను పరీక్షించి సంబంధించినవాళ్లకు అప్పజెబుతుంది.)

వాలంటీర్: అన్నా, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటులోనే పెట్టేద్దాం. మన కోడ్ ఎలాగూ అక్కడే ఉంది. బగ్గులు రాసుకునే ఇష్యూస్ విభాగం ఆన్ చేస్తే సాయంత్రానికి పని మొదలవుతుంది.

అడ్మిన్: కోడ్ అక్కడున్నా నాకు బెంగ లేదు. దాన్ని క్లోన్ చేసుకున్న, అంటే నకలు దింపుకున్న, ప్రతివాడి దగ్గరా దాని చరిత్రంతా ఉంటుంది. బగ్గులు అలా కాదమ్మా, క్లోన్‌లో రావు, గిట్‌హబ్ వాళ్ల డేటాబేస్‌లోనే ఉంటాయి. ఇలాంటిదే గూగుల్ కోడ్ అనే సైటు 2016లో మూతపడలేదూ? 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియా డెవలపర్ల ఖాతాలకు గిట్‌హబ్ కత్తెర వేసింది. ఇరాన్‌వాళ్లకు 2021లో మినహాయింపు వచ్చిందనుకో.

వాలంటీర్: ప్రోగ్రాముతో డేటా లాక్కునే ఏపీఐ ఉంది కదా, రోజూ బ్యాకప్ తీసుకుందాం. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష చేసేవాళ్లకు ఈ సంగతులు తెలియవా? ఏళ్ల తరబడి సొంతంగా నడిపిన రౌండప్ అనే ట్రాకర్‌ను వదిలి 2022లో గిట్‌హబ్‌కు మారారు.

అడ్మిన్: నువ్వు పైథాన్ అంటే నేను లినక్స్ డెస్క్‌టాప్ చేసే గ్నోమ్ వాళ్లంటాను. 2018లో బగ్‌జిల్లా అనే పాత ట్రాకర్ నుంచి గిట్‌హబ్ లాంటి గిట్‌ల్యాబ్‌కు మారారు, కానీ దాన్ని తమ సర్వర్ మీదే పెట్టుకున్నారు.

వాలంటీర్: వాళ్లకు చూసుకునే మనుషులున్నారు. మనకు నువ్వొక్కడివే. ఇంతకీ నువ్వేం పెడతానంటావు?

అడ్మిన్: బగ్‌జిల్లా. 1998 నుంచి ఉంది. లిబ్రెఆఫీస్ అనే ఉచిత ఆఫీస్ సాఫ్ట్‌వేర్ బగ్గులన్నీ ఇప్పటికీ దానిమీదే నడుస్తున్నాయి.

వాలంటీర్: దాని ఫారం ఈమధ్య చూశావా? మొన్నొక టీచరమ్మ ఫోటో పంపింది. ప్రశ్నపత్రంలో ‘స్త్రీ’ అని కొడితే తవత్తు, రవత్తు ఒకదాని మీదొకటి పడి నల్లటి ముద్దలా ప్రింటయింది. ఆవిడ చెప్పాల్సింది ఆ ఒక్క ముక్కే. నీ బగ్‌జిల్లా ఏమడుగుతుంది? ప్రాడక్ట్ ఏది, కాంపోనెంట్ ఏది, వెర్షన్ ఎంత, సివియారిటీ ఎంత! తప్పు ఫాంటుదా, అక్షరాలను పేర్చే హార్ఫ్‌బజ్‌దా, ఆవిడ వాడే సాఫ్ట్‌వేర్‌దా అని తేల్చడానికి నాకే ఒక పూట పడుతుంది. ఆవిడైతే ట్యాబ్ మూసేసి వెళ్లిపోతుంది.

అడ్మిన్: సరే, గిట్‌హబ్‌లో మాత్రం ఆవిడకు ఖాతా ఉందా? ఇంగ్లీషు పేజీలో మెయిల్ ఇచ్చి, వచ్చిన కోడ్ కొట్టి, కొత్త ఖాతా తెరిస్తే గానీ బగ్ రాయలేదు. ఆ పేజీ దగ్గర మూయదా ట్యాబ్?

(ఇక్కడ వాలంటీర్ కాస్త తడబడింది. ఈ రౌండు అడ్మిన్‌దే అనాలి.)

వాలంటీర్: నిజమే. డెబియన్ అనే లినక్స్ వాళ్ల దగ్గరైతే ఖాతాతో పనే లేదు, మెయిల్ రాస్తే బగ్ నమోదైపోతుంది.

అడ్మిన్: మన మెయిల్ అడ్రసు బయటపెడితే స్పామ్ ఏరుకోవడంతోనే నీకు తెల్లారుతుంది. వికీపీడియా నడిపే వికీమీడియా వాళ్లు 2014లో బగ్‌జిల్లా నుంచి ఫాబ్రికేటర్ అనే ట్రాకర్‌కు వెళ్లారు. తెవికీలో రాసేవాళ్లు తమ వికీ ఖాతాతోనే అందులోకి వెళ్లి బగ్ రాయొచ్చు. మనమూ సైటు లాగిన్‌తోనే ట్రాకర్ తెరుచుకునేలా చేద్దాం.

వాలంటీర్: ఆ ఫాబ్రికేటర్ చేసిన కంపెనీ 2021లో చేతులెత్తేసింది కదా?

అడ్మిన్: ఎత్తేస్తేనేం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇంకొందరు దాన్నే ఫోర్జ్ పేరుతో అందుకున్నారు. గూగుల్ కోడ్‌ను అలా అందుకునే వీలు ఎవరికైనా దొరికిందా?

వాలంటీర్: సరే, సొంత సర్వరే కానీ. బగ్‌జిల్లా మాత్రం నాకొద్దు, సొంత సర్వర్ మీద పెట్టుకునే గిట్‌హబ్ లాంటి ఫోర్జేయో పెట్టు. ఎక్కడ తప్పొచ్చింది, ఏం కొట్టారు, ఫోటో ఏది... ఫారంలో ఈ మూడు గడులు చాలు. మిగతావి నేను నింపుకుంటా. ఇంకొకటి. పోయిన సంక్రాంతికి నువ్వు ఊళ్లో ఉండగా డిస్కు నిండి సైటు పడిపోయింది. పాస్‌వర్డు నీ ఒక్కడి దగ్గరే ఉందాయె. అసలు బ్యాకప్ ఎక్కడ పెడుతున్నావు?

అడ్మిన్: అదే సర్వర్‌లో.

వాలంటీర్: అదే సర్వర్‌లోనా! ఇంతసేపూ గిట్‌హబ్‌ను నమ్మకూడదని నాకు క్లాసు పీకింది నువ్వేనా అన్నా?

అడ్మిన్: వేరే చోటికి మారుస్తాలే. పాస్‌వర్డు ఇంకో ఇద్దరికిస్తా.

వాలంటీర్: ఇవ్వు. తర్వాత ఆ బ్యాకప్ నుంచి సైటు లేపి ఒకసారి చూపించు. అప్పటిదాకా గిట్‌హబ్ ఇష్యూస్ ఆన్‌లోనే ఉంటాయి.