గాలానికి పడ్డ ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను మళ్లీ కాల్వలో వదలొద్దు

పట్టిన చేపతో ఒక ఫొటో దిగి, దాన్ని తిరిగి నీళ్లలో వదిలేసే అలవాటు మన కుర్రాళ్లకు ఈ మధ్య బాగానే అబ్బింది. ఆదివారం పూట ప్రకాశం బ్యారేజీ దిగువన, సీతానగరం వైపు, బందరు కాల్వ గట్టున చూస్తే ఆన్‌లైన్‌లో కొనుక్కున్న రీలు గాలాలతో గుంపులుగా కనబడతారు. వీళ్లు కూర కోసం రారు, సరదా కోసం వస్తారు. బొచ్చె, రాగండి, వాలుగ, కొర్రమీను పడితే వదిలేయండి, నాకూ సంతోషమే. పడింది ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ అయితే మాత్రం వదలకూడదు. అక్కడికక్కడే చంపేయాలి. ఇందులో మధ్యేమార్గం ఉందని నేను అనుకోను.

ఈ చేప సంగతి మన జిల్లాల వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో బంగ్లాదేశ్ మీదుగా దొంగదారిన మన దేశంలోకి వచ్చింది. 1997లో కేంద్రం దీని పెంపకాన్ని నిషేధించింది. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ మాటే మళ్లీ గట్టిగా చెప్పింది. అయినా చెరువుల్లో చాటుమాటుగా సీడ్ వేయడం, కోడి వ్యర్థాలు మేతగా పోయడం, అధికారులు వచ్చి గుంటలు తవ్వి చేపల్ని పూడ్చడం, కొన్నాళ్లకు మళ్లీ మొదలు కావడం మామూలైపోయింది. పెంచేవాడి లెక్క వాడికుంది. మేతకు ఖర్చు లేదు, చేప చావదు, త్వరగా పెరుగుతుంది. ఆ దందా గురించి పత్రికలు చాలానే రాశాయి. చెరువు దాటి నదిలోకి, కాల్వల్లోకి వచ్చేసిన చేప గురించి మాత్రం ఎవరూ పట్టించుకోవడం లేదు.

మొన్న వానాకాలంలో బందరు కాల్వ గట్టున ఒక కుర్రాడు లాగిన చేపను దగ్గర నుంచి చూశాను. మోచేతి కంటే పొడవుంది. చదునైన పెద్ద తల, మూతి చుట్టూ నాలుగు జతల మీసాలు, బూడిద రంగు ఒంటి మీద నల్లటి మరకలు, కింద తెల్లటి పొట్ట. గాలం ఊడదీసి గట్టు మీద పడేస్తే ఆ చేప గిలగిల్లాడి ఊరుకోలేదు. పక్క రెక్కల ముళ్లు నేలకు ఆనించి, ఒళ్లు మెలికలు తిప్పుకుంటూ నీళ్ల వైపే జరిగింది. సిమెంటు మెట్టు మీద జిగురు చార పడింది. మేం టీ తాగి వచ్చేసరికి కూడా దాని మొప్పలు ఆడుతూనే ఉన్నాయి. "పాపం బాబాయ్, దీనికింకా నూకలున్నాయి" అంటూ ఆ కుర్రాడు దాన్ని కాలితో మెల్లగా నెట్టి కాల్వలోకి వదిలేశాడు.

ఆ పిల్లవాడి మనసు మంచిదే, కాదనను. కానీ ఆ చేప అంతసేపు బతికింది అదృష్టం కొద్దీ కాదు. దాని మొప్పల పైన కొమ్మలుగా చీలిన ఒక అవయవం ఉంటుంది. దాంతో నేరుగా గాలి పీల్చుకుంటుంది. ఆక్సిజన్ లేని మురుగులో మిగతా చేపలు తేలిపోయినా ఇది హాయిగా తిరుగుతుంది. నగరం నడిమధ్య నుంచి పోయే ఏలూరు, బందరు, రైవస్ కాల్వల్లోకి ఎన్ని డ్రెయిన్లు కలుస్తున్నాయో విజయవాడ వాళ్లకు తెలుసు. మనం పాడు చేసిన నీరు మన చేపలకు పనికిరాకుండా పోయింది, దీనికి మాత్రం సరిగ్గా సరిపోయింది. చిన్న చేపలు, కప్పలు, నత్తలు, పురుగులు, కుళ్లిన మాంసం, ఏది దొరికినా తింటుంది. మీటరుకు పైగా పెరుగుతుంది. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ పక్షుల పార్కులోకి ఇది చొరబడ్డాక పక్షుల్ని కూడా పట్టి తింటోందని గమనించి, వేల సంఖ్యలో పట్టి బయట పారేయాల్సి వచ్చింది. మనకు పక్కనే కొల్లేరుంది, ఆటపాక పెలికాన్లున్నాయి.

కిలో బరువున్న ఆడ చేప ఒక్క విడతలో పదుల వేల గుడ్లు పెడుతుంది. అందులో వందకు ఒకటి బతికినా ఎన్ని నోళ్లో లెక్కేసుకోండి. వాటి మధ్య మన జెల్లలు, ఇంగిలాయిలు, పరిగెలు ఏం తిని బతకాలి? అన్నిటికంటే నాకు దిగులు మన సొంత క్యాట్‌ఫిష్ అయిన నాటు మార్పుల గురించి. తొలకరి జల్లు పడగానే పొలం బోదెల్లో ఎదురెక్కుతూ కనబడే ఆ చేప, ఈ ఆఫ్రికన్ చేపకు వరసకు దాయాది. నాటు మార్పును అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ఇప్పటికే అంతరించే ప్రమాదంలో ఉన్న జాతుల్లో చేర్చింది. ఈ రెండింటినీ కలిపి హేచరీల్లో సంకరం పిల్లల్ని తీసిన సంగతీ తెలిసిందే. అంటే దాని తిండి లాక్కోవడంతో ఆగదు, దాని వంశం కూడా చెడుతుంది.

2024 సెప్టెంబరు మొదటి రోజుల్ని ఇక్కడ గుర్తు చేయక తప్పదు. బుడమేరు గండ్లు పడి సింగ్‌నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, 2009 రికార్డు చెరిగిపోయింది. బుడమేరు వెళ్లి కలిసేది కొల్లేరులోనే, కొల్లేరు చుట్టూ ఉన్నవి చేపల చెరువులే. గట్టు మునిగిన చెరువులో చేప ఆగదు. కేరళలో 2018 వరదల తర్వాత నదుల్లో అరపైమా, ఎలిగేటర్ గార్ లాంటి దక్షిణ, ఉత్తర అమెరికా చేపలు జాలర్ల వలలకు పడ్డాయి. ఎవరో గుట్టుగా పెంచుకున్నవి వరదకు బయటపడ్డాయి. మన దగ్గరా జరిగేది అదే. వరద వచ్చిన ప్రతిసారీ నదిలోకి కొత్త బ్యాచ్ చేరుతుంది. వాటిలో కొన్నయినా గాలానికి పడి గట్టెక్కితే, మనమే మళ్లీ లోపలికి పంపడం ఏం న్యాయం?

వదిలేయాలనే వాళ్ల వాదన నేను విననిది కాదు. చేపకేం తెలుసు, తెచ్చింది మనిషి, శిక్ష దానికా అని కొందరంటారు. గాలాలతో పట్టి చంపితే నదిలోంచి ఒక జాతి పోతుందా, అదంతా కంటితుడుపు అని మరికొందరు. పెద్దవి తమ పిల్లల్నే తింటాయి కాబట్టి పెద్దవాటిని తీసేస్తే పిల్లలు ఇంకా పెరుగుతాయని చదువుకున్న వాళ్లు కూడా చెబుతారు. పొరపాటున నాటు మార్పును చంపేస్తారేమో అన్న భయమూ ఉంది. ఈ చివరి దాంట్లో నిజముంది, దాని దగ్గరికి వస్తాను.

గాలంతో ఈ చేప నదిలో లేకుండా పోతుందని నేనూ అనడం లేదు. పోదు. కానీ ఒక్కరు వదిలితే ఏమవుతుందో తెలియాలంటే అమెరికాలో జరిగింది చూడాలి. 2002లో మేరీలాండ్ రాష్ట్రంలోని క్రాఫ్టన్ అనే ఊళ్లో, ఒక చెరువులో గాలం వేసిన వాళ్లకు ఎన్నడూ చూడని చేప దొరికింది. అది మన కొర్రమీనుకు దగ్గరి చుట్టం, చైనా వైపు చేప. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఒకాయన ఒంట్లో బాగాలేని చెల్లెలికి సూప్ చేసిపెడదామని న్యూయార్క్ మార్కెట్లో రెండు చేపలు ప్రాణాలతో తెప్పించాడు. ఈలోగా ఆమెకు నయమైంది. చంపబుద్ధి కాక అక్వేరియంలో పెంచాడు. అవి పెరిగి తొట్టి చాలకపోవడంతో చెరువులో వదిలాడు. ఆయన చేసింది కూడా జాలితోనే. వాటి పిల్లలతో చెరువు నిండింది. ఆ చెరువులోనూ పక్కనున్న వాటిలోనూ మందు కలిపి, ఉన్న చేపలన్నిటినీ చంపాల్సి వచ్చింది. అంటే ఆ రెండింటి మీద చూపిన జాలికి, ఏ పాపం ఎరగని అక్కడి చేపలు మూల్యం చెల్లించాయి. ఆ తర్వాత రెండేళ్లకు పోటోమాక్ నదిలోనూ అదే జాతి కనబడింది. ఇవాళ అక్కడ గాలం వేసే ప్రతి ఒక్కరినీ ప్రభుత్వమే అడుగుతోంది, ఇది పడితే వదలకండి, చంపేయండి అని. మన కొర్రమీను కుటుంబానికి అక్కడ పడుతున్న శిక్షను తప్పుపట్టలేం. వాళ్ల నదికి అది పరాయిదే.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ ఇంకో అడుగు ముందుకేసింది. అక్కడ తిలాపియా పడితే వెంటనే చంపి పాతిపెట్టాలి, లేదా చెత్తబుట్టలో వేయాలి. చచ్చిన చేపనైనా ఇంటికి పట్టుకుపోవడానికి వీల్లేదు. తినడానికి పనికొస్తుందంటే రేపు ఎవడో ఒకడు తెచ్చి కొత్త చెరువులో వేస్తాడని వాళ్లకు తెలుసు. మనకూ ఆ పద్ధతే సరైనదని నా నమ్మకం. పట్టిన క్యాట్‌ఫిష్‌ను అమ్మితే దానికో మార్కెట్ పుడుతుంది, మార్కెట్ ఉన్నచోట పెంపకం ఆగదు. పైగా మురుగు కాల్వల్లో తిరిగిన చేపను పిల్లలకు వండిపెట్టడం మంచిది కాదు. చంపి, గట్టుకు దూరంగా గొయ్యి తీసి పాతేయడమే మేలు.

చంపే తీరులో కూడా దయ ఉండాలి. చాలామంది చేసే పని గట్టు మీద పడేసి, అదే చస్తుందిలే అని వెళ్లిపోవడం. గాలి పీల్చే చేప గంటల తరబడి ఎండలో కొట్టుకుంటుంది. తడి ఉంటే పాకుతూ మళ్లీ నీళ్లలోకే చేరుతుంది. అది క్రూరత్వమూ అవుతుంది, మొదటికే మోసమూ వస్తుంది. బరువైన కర్రతో తల మీద, కళ్లకు కొంచెం వెనగ్గా ఒక్క దెబ్బ గట్టిగా కొడితే క్షణంలో అయిపోతుంది. ఆ పని చేయలేని వాళ్లు గాలం పట్టుకోకపోవడం మంచిది.

ఇక గుర్తుపట్టడం సంగతి. నాటు మార్పు సాధారణంగా మూరెడు లోపే ఉంటుంది, గోధుమ ఎరుపు కలిసిన నలుపు, ఒళ్లంతా ఇంచుమించు ఒకే రంగు, ఒక్కోసారి సన్నటి తెల్ల చుక్కలు. ఆఫ్రికన్ చేప ఒంటి మీద పాలరాతి మీద ఉండే లాంటి మరకలుంటాయి. దాని తల పొడవు, పైభాగం వేలితో రాస్తే గరుకుగా తగులుతుంది. మూర దాటి చేయంత పొడవుండి, మరకలుంటే ఇక సందేహించక్కర్లేదు. చిన్నదై, ఏదో తేలకపోతే వదిలేయండి. పోయే దశలో ఉన్న నాటు మార్పును చంపడం కంటే, ఒక పరాయి పిల్ల తప్పించుకుపోవడం నయం.

గాలం వేసేవాళ్ల మీదే మొత్తం భారం వేయడం నా ఉద్దేశం కాదు. అసలు జబ్బు ఇంకా లోతుగా ఉంది. కృష్ణ అంటే మనకు టీఎంసీలు. ఉదయం లేచి పేపరు తీస్తే శ్రీశైలంలో ఎంత, సాగర్‌లో ఎంత, బ్యారేజీ దగ్గర ఇన్‌ఫ్లో ఎంత, అవుట్‌ఫ్లో ఎంత. బచావత్ ట్రిబ్యునల్ ఇచ్చిన 811 టీఎంసీల్లో ఎవరి వాటా ఎంతన్న దాని మీద రెండు రాష్ట్రాలు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నాయి. ఆ నీళ్లలో ఏం బతుకుతోందో చెప్పే ఒక్క లైను ఆ పేజీలో ఉండదు. 2015లో పట్టిసీమ నుంచి గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలిసినప్పుడు ఎంత సంబరం జరిగిందో అందరం చూశాం. ఘనత ఎవరిదన్న దాని మీద టీవీల్లో రాత్రుళ్లు చర్చలు నడిచాయి. ఒక నది చేప ఇంకో నదిలోకి వస్తే ఏమవుతుందని అడిగిన గొంతు ఆ చర్చల్లో నాకు వినబడలేదు. రైతుకు నీరు ముఖ్యం, కాదన్నవాడు లేడు. కానీ నదిని గొట్టంలో పారే నీరుగా మాత్రమే చూసినంత కాలం, అందులో ఎవరు ఏం పోసినా, ఏం వదిలినా మనకు చీమ కుట్టినట్టయినా ఉండదు. పెళ్లి చెత్త, పూజ సామాను, ఆసుపత్రి మురుగు, అక్వేరియంలో విసుగొచ్చిన చేప, అన్నీ కాల్వలోకే. మన చెరువుల వలల్ని చింపి రైతుల్ని ఏడిపిస్తున్న దెయ్యం చేప కూడా గాజు తొట్టెలోంచి వచ్చినదే. క్యాట్‌ఫిష్‌ను కాలితో నెట్టి వదిలేసిన కుర్రాడికి నది గురించి మనం నేర్పింది అంతే.

2022లో వన్యప్రాణి సంరక్షణ చట్టాన్ని సవరించి, హాని చేసే పరాయి జాతుల్ని అదుపు చేసే అధికారం కేంద్రం తీసుకుంది. రాష్ట్రం దాని కోసం చూస్తూ కూర్చోనక్కర్లేదు. మత్స్యశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి: ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ను ప్రాణాలతో ఏ నీటిలో వదిలినా నేరం, పట్టింది గాలంతో అయినా సరే. పున్నమి ఘాట్ నుంచి సీతానగరం దాకా, కాల్వ వంతెనల దగ్గర, రెండు చేపల బొమ్మలు పక్కపక్కన పెట్టి తెలుగులో పెద్ద బోర్డులు పెట్టాలి. వేసవిలో కాల్వలు కట్టేసి మరమ్మతులు చేసేటప్పుడు నీళ్లన్నీ మడుగులుగా మిగులుతాయి, మన చేపలు చాలావరకు చస్తాయి, ఇవి బురదలో కూడా బతికే ఉంటాయి. ఏరి తీయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆ పని మత్స్యకార సహకార సంఘాలకే ఇవ్వాలి. ఏ మడుగులో ఏ చేప దాక్కుంటుందో వాళ్లకు తెలిసినంత ఇంజనీర్లకు తెలియదు. కిలోకింత అని డబ్బు పెడితే మాత్రం దాని కోసమే పెంచేవాళ్లు తయారవుతారు. రోజు కూలీ కట్టి ఇవ్వండి, పట్టినవి వాళ్ల ముందే పూడ్చండి.