ఎన్‌ఓసీ గీతకు కిందే పోతున్న ప్రాణాలు

హైదరాబాద్‌లో పెద్ద అగ్నిప్రమాదం జరిగిన ప్రతిసారీ ముందుగా వినిపించే ప్రశ్న, ఫైరింజన్ ఎంతసేపటికి వచ్చిందని. 2025 మే 18న చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌజ్‌లో ఓ ఇల్లు కాలి 17 మంది చనిపోయినప్పుడూ అదే అడిగారు. మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ దగ్గరే, బండి నిమిషాల్లోనే చేరింది. కానీ లోపలికి సొరంగంలాంటి ఇరుకు దారి ఒక్కటే, పైకి మెట్లూ ఒక్కటే. పొగ ఎక్కిందీ ఆ మెట్ల మీదుగానే. సిబ్బంది గోడ పగలగొట్టి లోపలికి వెళ్లాల్సి వచ్చింది.

స్టేషన్ నుంచి బండి కదలడం ఈ పనిలో తేలికైన భాగం. 101కి ఫోన్ రాగానే కంట్రోల్ రూమ్ దగ్గర్లోని స్టేషన్‌ను అప్రమత్తం చేస్తుంది. లీడింగ్ ఫైర్‌మన్, డ్రైవర్ ఆపరేటర్, ఫైర్‌మన్లు బండెక్కేస్తారు. కష్టాలు మొదలయ్యేది చేరాకే. మామూలు వాటర్ టెండర్‌లో, అంటే నీళ్లు మోసే ఫైరింజన్‌లో, ఉండేది సుమారు 4,500 లీటర్ల నీళ్లు. ఒక్క గొట్టమే నిమిషానికి 400 లీటర్లకు పైగా చిమ్ముతుంది. రెండు గొట్టాలు పెడితే ఐదారు నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. అందుకే మొదటి బండి వెనకే రెండోది, దాని వెనకే జలమండలి ట్యాంకర్లు బయల్దేరాలి. గల్లీలో బండి పట్టక మెయిన్ రోడ్డు మీదే ఆగిపోతే, 15 మీటర్ల గొట్టాలు ఏడెనిమిది కలిపితేగానీ నీళ్లు మంటదాకా వెళ్లవు. గొట్టం పొడవు పెరిగేకొద్దీ ఒత్తిడి పడిపోతుంది. పైగా ముందు కరెంటు తీయించాలి.

పొగలోకి వెళ్లేవాళ్ల లెక్క ఇంకా కఠినం. వీపున తగిలించుకునే ఆరు లీటర్ల గాలి సిలిండర్‌లో 300 బార్ల ఒత్తిడితో పట్టేది దాదాపు 1,800 లీటర్ల గాలి. బరువు మోస్తూ మెట్లెక్కే మనిషి నిమిషానికి 50 లీటర్లకు పైనే పీలుస్తాడు. అంటే అరగంట, అందులోనే తిరిగి రావడం కూడా. షట్టరు కోయడానికో, గ్రిల్లు విరగ్గొట్టడానికో పది నిమిషాలు పోతే, గదులు వెతకడానికి మిగిలేదెంత?

ఇక చట్టం సంగతి. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం ప్రకారం ఫైర్ ఎన్‌ఓసీ, అంటే ఫైర్ శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం, ప్రధానంగా 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు, 15 మీటర్ల పైబడిన వాణిజ్య భవనాలకు, స్కూళ్లు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల వంటి జనం గుమిగూడే చోట్లకు. గుల్జార్ హౌజ్‌లోని జీ ప్లస్ టూ (కింది అంతస్తు, పైన రెండు) ఇల్లు ఈ గీతకు చాలా కింద ఉంది. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బిహార్ కూలీలు చనిపోయారు. వాళ్లు పడుకున్నది మొదటి అంతస్తులో, దిగే ఇనుప మెట్లు తుక్కు మధ్యలోకే. ఒక్కడు దూకి బతికాడు. 2023 నవంబర్‌లో బజార్‌ఘాట్‌లో తొమ్మిది మందిని బలిగొన్నవి కాపురాల కింద నిల్వ చేసిన రసాయన డ్రమ్ములు. 2023 మార్చిలో ఆరుగురు చనిపోయిన సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ పెద్ద వాణిజ్య భవనమే, ఆ లెక్క వేరు. అక్కడా ప్రాణాలు తీసింది పొగే.

పై అంతస్తులదాకా సిబ్బందిని ఎత్తే కొత్త స్కైలిఫ్టులు, మంటలార్పే రోబోలు కొనడం తప్పని నేననను. ఎత్తైన టవర్లకు అవి కావాల్సిందే. కానీ బోయిగూడ లాంటి చోట స్కైలిఫ్టు అక్కరకు రాదు. అక్కడ కావాల్సింది ఫైర్ ఆఫీసర్ ముందే వచ్చి, కింద సరుకు పెట్టి పైన మనుషులను పడుకోబెట్టడం కుదరదని చెప్పగలగడం. ఆ మాటకు ఇప్పుడు బలం లేదు. ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేది మున్సిపల్ శాఖ, మీటరు పెట్టేది కరెంటు పంపిణీ సంస్థ డిస్కం, నోటీసు ఇవ్వడానికి మాత్రం ఫైర్ శాఖకు ఎత్తు అడ్డం. గోదాము, బ్యాటరీ షోరూము, రసాయనాల దుకాణం దేనికైనా లైసెన్స్ రెన్యువల్‌కు ముందు స్టేషన్ ఫైర్ ఆఫీసర్ తనిఖీ తప్పనిసరి చేయాలి. చూడాల్సినవి మూడే: రెండో దారి ఉందా, మెట్ల కింద కరెంటు మీటర్ బోర్డులు ఉన్నాయా, రాత్రి పైన ఎవరైనా పడుకుంటున్నారా. మూడింటిలో ఏ ఒక్కటి తేడా కొట్టినా ఆ ఏడు లైసెన్స్ ఇవ్వకూడదు, మీటర్ బోర్డును మెట్ల కింద నుంచి మార్పించే ఖర్చు యజమాని భరించాలి.