గోమాలో శాంతికి ఏ లోటూ లేదు

ఆఫ్రికాలో ఇరుగుపొరుగు దేశాలకు ఒకరంటే ఒకరికి పడదని, నలుగురూ కలిసి కూర్చోవడం వాళ్ళకి చేతకాదని అనుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. వాళ్ళంతా తక్షణం ఆ అభిప్రాయం మార్చుకోవాలి. తూర్పు కాంగోలో ఏళ్ళ తరబడి సాగుతున్న యుద్ధం విషయంలో ఆ దేశాలు కూర్చున్నన్నిసార్లు ఇంకెక్కడా ఎవరూ కూర్చుని ఉండరు. కివూ సరస్సు ఒడ్డున ఉన్న గోమా నగరం కోసం 1999లో లుసాకాలో శాంతి కుదిరింది. 2002 జూలైలో ప్రిటోరియాలో కుదిరింది. అదే ఏడాది సెప్టెంబరులో లువాండాలో కుదిరింది. 2013 ఫిబ్రవరిలో అడిస్ అబాబాలో 11 దేశాలు కలిసి మళ్ళీ కుదిర్చాయి, ఆ తర్వాత మరో రెండు దేశాలు మేమూ ఉన్నామంటూ వచ్చి చేరాయి. ఆపైన నైరోబీ ప్రక్రియ, లువాండా ప్రక్రియ అంటూ శాంతి చర్చలు, తర్వాత దోహాలో, వాషింగ్టన్‌లో మరిన్ని. ఇన్ని శాంతుల మధ్య ఆ ఊరి జనానికి ఊపిరాడుతోందా అన్నదే నా బెంగ.

సహకారం చాలకే యుద్ధం ఆగడం లేదని నిపుణులు రాస్తుంటారు. నేను వినయంగా విభేదిస్తున్నాను. అక్కడ సహకారం మరీ ఎక్కువైంది. కాంగో, రువాండా, బురుండి మూడూ కలిసి 1976లోనే గిసెన్యిలో మహా సరస్సుల ఆర్థిక కూటమి పెట్టుకున్నాయి. ఒకరి భద్రతకు ఇంకొకరు భరోసా అన్నది దాని మొదటి ఆశయాల్లో ఒకటి. గిసెన్యి అంటే గోమాకు ఆనుకుని రువాండా వైపున్న ఊరు, మధ్యలో సరిహద్దు గేటు మాత్రమే. గోమాలో తుపాకి పేలితే ఫోన్ చేసి చెప్పక్కర్లేనంత దగ్గరలో ఆ కూటమి ఆఫీసు ఉంది. ఇది కాక మహా సరస్సుల అంతర్జాతీయ సదస్సు అని 12 దేశాల సంస్థ ఇంకోటి, దాని ప్రధాన కార్యాలయం బురుండిలోని బుజుంబురాలో. టాంగన్యికా సరస్సు పక్కన దానికి ఎదురుగా కాంగో ఊరు ఉవీరా ఉంటుంది. 2025 జనవరిలో గోమా తిరుగుబాటుదారుల చేతికి పోయింది, డిసెంబరులో ఉవీరా పోయింది. ఇకముందు ఆ ప్రాంతంలో ఎవరైనా సహకార సంస్థకు ఆఫీసు వెతుకుతుంటే, సరిహద్దు అవతలి ఊరివాళ్ళు అభ్యంతరం చెప్పడం మంచిది.

ఆ తిరుగుబాటుదారుల పేరు ఎం23. ఇదేదో తుపాకి మోడల్ నంబరు కాదు, తేదీ. 2009 మార్చి 23న కాంగో ప్రభుత్వం అప్పటి తిరుగుబాటుదారులతో శాంతి ఒప్పందం చేసుకుంది. అందులో రాసినట్టు మాకు జరగలేదంటూ వాళ్ళలో కొందరు 2012లో సైన్యంలోంచి బయటికొచ్చి, ఆ ఒప్పందం తేదీనే తమ పేరుగా పెట్టుకుని యుద్ధానికి దిగారు. చేసుకున్న ఒప్పందాన్ని ఇంత భక్తిగా గుర్తుపెట్టుకున్న పక్షం ఆ ప్రాంతంలో వాళ్ళొక్కరే అనుకుంటాను. ఆ ఏడాది నవంబరులో గోమాను పట్టుకుని కొన్నాళ్ళుండి వెళ్ళారు, మరుసటి ఏడాది ఓడిపోయారు, 2021లో మళ్ళీ లేచారు. శాంతి సదస్సుల ఆతిథేయులు ఒక్క జాగ్రత్త పాటిస్తే చాలు. సంతకాల తేదీ వేయకుండా వదిలేయాలి. లేకపోతే ఆ తేదీ రేపు ఎవరి భుజం మీద బ్యాడ్జీ అవుతుందో తెలియదు.

ఇక అతిథుల సంగతి. సదస్సు ప్రకటనల్లో తరచూ ఒక మర్యాదైన మాట కనిపిస్తుంది: ఆహ్వానం లేని విదేశీ బలగాలు వెనక్కి వెళ్ళాలి. ఎవరి బలగాలో మాత్రం చెప్పరు. పిలవని పేరంటానికి వచ్చినావిడను అందరూ ఓరచూపులు చూస్తారు గానీ, పేరు పెట్టి పొమ్మనడం పద్ధతి కాదు. అందులోనూ ఆవిడే తాంబూలాలు పంచుతున్నప్పుడు.

ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం మూడు నాలుగు వేలమంది రువాండా సైనికులు కాంగో గడ్డ మీద ఎం23కి తోడుగా ఉన్నారు. రువాండా దీన్ని ఒప్పుకోదు. తాము సరిహద్దులో తీసుకుంటున్నవి 'రక్షణ చర్యలు' మాత్రమేనంటుంది. కాంగోలో మీ సైనికులున్నారా అని 2025 ఫిబ్రవరిలో సీఎన్ఎన్ అడిగితే అధ్యక్షుడు పాల్ కగామే నాకు తెలియదు అన్నారు. ఆయనే సర్వసైన్యాధ్యక్షుడు. పాపం, అంత పెద్ద సైన్యంలో ఎవరెక్కడున్నారో చూసుకోవడం ఒక్కడి వల్ల ఎక్కడవుతుంది?

రువాండా భయం ఉత్తదేం కాదు, అది కూడా చెప్పాలి. 1994లో రువాండాలో టుట్సీ జాతివాళ్ళను ఊచకోత కోసిన మూకల్లో చాలామంది సరిహద్దు దాటి కాంగో అడవుల్లో చేరారు. వాళ్ళలో మిగిలినవాళ్ళు పెట్టుకున్న సాయుధ దళం ఎఫ్‌డీఎల్ఆర్ ఇప్పటికీ అక్కడుంది. కాంగో సైన్యం దాన్ని ఏరిపారేయాల్సింది పోయి, ఎం23 మీద పోరులో దానితోనూ చేతులు కలిపింది. సహకారమంటే కాంగోకి మాత్రం తెలియదా ఏంటి!

ఆహ్వానం ఉన్న బలగాల జాబితా ఇంకా ముచ్చటైనది. బురుండి సైన్యం ఉంది, పిలిచారు. 2021 నవంబరు నుంచి ఉగాండా సైన్యం ఉంది, వేరే తిరుగుబాటు దళాన్ని వేటాడ్డానికి పిలిచారు. ఇదే ఉగాండా 1998 తర్వాత జరిగిన యుద్ధంలో చేసిన విధ్వంసానికి కాంగోకి 32.5 కోట్ల డాలర్లు కట్టాలని హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం 2022 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఏడాదికి 6.5 కోట్ల చొప్పున అయిదు వాయిదాలు. తీర్పు వచ్చేనాటికే ఉగాండా సైనికులు సాయం పేరుతో కాంగోలో దిగి రెండు నెలలు దాటింది. పాత రాకకు పరిహారం కడుతూ కొత్త రాకకు కృతజ్ఞతలు అందుకోవడం దౌత్య చరిత్రలో అరుదు. ఆ పాత రాకలోనే, 2000 జూన్‌లో, రువాండా, ఉగాండా సైన్యాలు కిసంగాని అనే కాంగో నగరంలో ఆరు రోజులపాటు ఒకదాన్నొకటి చితక్కొట్టుకున్నాయి. ఆ రెండు దేశాలూ అప్పటికే లుసాకా కాల్పుల విరమణ మీద సంతకాలు చేసి ఉన్నాయి. కిసంగాని వాళ్ళ రెండింటి సరిహద్దులకూ వందల కిలోమీటర్ల దూరం. సొంత ఊళ్ళు పాడవకుండా కొట్టుకోవాలంటే మరి పొరుగూరే గతి.

పిలిచి పంపించేసిన సైన్యం కథ వేరు. కాంగో 2022లో తూర్పు ఆఫ్రికా కూటమిలో చేరింది. ఆ కూటమిలో రువాండా ఎప్పట్నుంచో సభ్యురాలు, కాబట్టి ఇద్దరూ ఒకే సహకార సంఘంలోకి వచ్చారు. ఆ ఏడాదే కూటమి సేన గోమాకు వచ్చింది. వాళ్ళు ఎం23 మీద యుద్ధం చేస్తారని కాంగో అనుకుంది. మధ్యలో నిలబడితే చాలని వాళ్ళనుకున్నారు. 2023 డిసెంబరుకల్లా కాంగో వాళ్ళని సాగనంపి ఆఫ్రికా దక్షిణాది దేశాల కూటమిని పిలిచింది. దక్షిణాఫ్రికా, టాంజానియా, మలావి సైనికులొచ్చారు. 2025 జనవరిలో గోమా చుట్టుపక్కల పోరులో ఒక్క దక్షిణాఫ్రికాయే 14 మందిని పోగొట్టుకుంది. నగరం ఎం23 చేతికి పోయాక మిగిలినవాళ్ళు నెలల తరబడి తమ శిబిరాల్లోనే ఉండిపోయారు. ఎయిర్‌పోర్టు మూతపడింది. చివరికి ఏప్రిల్ ఆఖర్లో వాళ్ళు ఇంటిదారి పట్టింది ఏ దేశం మీదుగానో తెలుసా? రువాండా మీదుగా, రోడ్డు మార్గాన. ఇది ప్రాంతీయ సహకారం కాదని ఎవరైనా అంటే నేను ఊరుకోను.

తనిఖీ యంత్రాంగాల గురించి చెప్పకపోతే అన్యాయం. ఎవరు ఎవరి గడ్డ మీదున్నారో చూసి చెప్పడానికి ఒక సంయుక్త యంత్రాంగం ఉండేది. 2012లో అది విస్తృత సంయుక్త యంత్రాంగమైంది. అంగోలా పూనుకుని నడిపిన తాత్కాలిక యంత్రాంగం 2024 నవంబరులో గోమాలో బలోపేత తాత్కాలిక యంత్రాంగంగా మళ్ళీ ప్రారంభోత్సవం చేసుకుంది. మూడు నెలలు తిరక్కుండానే గోమా పోయింది. ఈసారి అత్యంత బలోపేత శాశ్వత తాత్కాలిక యంత్రాంగం పెడితే సరిపోవచ్చు.

మధ్యవర్తుల్లో నాకు ఎక్కువ జాలి అంగోలా అధ్యక్షుడు జొయావ్ లొరెన్సో మీదే. 2024 డిసెంబరులో కగామేనీ, కాంగో అధ్యక్షుడు షిసెకెడినీ లువాండాకు పిలిచారు. చివరి నిమిషంలో అది ఆగిపోయింది. 2025 మార్చి 18న కాంగో ప్రభుత్వాన్నీ ఎం23నీ ఎదురెదురుగా కూర్చోబెట్టాలని ఏర్పాట్లు చేశారు. యూరప్ ఆంక్షలు పెట్టిందని ఎం23 ముందురోజు అలిగి రానంది. సరిగ్గా ఆ 18వ తేదీనే ఇద్దరు అధ్యక్షులూ దోహాలో ఖతర్ అమీర్ సమక్షంలో కూర్చుని మాట్లాడుకున్నారు. ఆ నెలలోనే అంగోలా ఈ బాధ్యత నుంచి తప్పుకుంది. ఆ ఏడాదే తూర్పు ఆఫ్రికా, దక్షిణాది కూటములు రెండూ కలిసి నైజీరియా ఒబసాంజో, కెన్యా కెన్యాట్టా, దక్షిణాఫ్రికా మోట్లాంతే వంటి మాజీ అధ్యక్షులను మధ్యవర్తులుగా వరసగా నియమించాయి. ఆఫ్రికన్ యూనియన్ తన వంతుగా టోగో నాయకుణ్ణి పెట్టింది. పదవి దిగిన నాయకులకు అక్కడ మన దగ్గరలా గవర్నర్ పోస్టులు ఉండవు కాబట్టి ఈ యుద్ధం ఒక్కసారిగా ఆగిపోతే వాళ్ళ గతేమిటన్నది కూడా ఆలోచించాలి. ఇన్ని ప్రయత్నాల్ని సమన్వయం చేయడానికే 2023 జూన్‌లో నాలుగు కూటములు లువాండాలో ప్రత్యేకంగా సమావేశమయ్యాయి. అందులో ఒకటైన మధ్య ఆఫ్రికా కూటమి నుంచి రువాండా రెండేళ్ళకు బయటికి నడిచింది. పైకి చెప్పిన ముఖ్య కారణం, అధ్యక్ష స్థానం వంతు తనకి రావాల్సింది ఇవ్వలేదని.

అసలు సహకారం ఎక్కడ అంతరాయం లేకుండా సాగుతోందంటే, తూర్పు కాంగోలోని రుబాయా గనుల్లో. ప్రపంచంలో దొరికే కోల్టాన్ ఖనిజంలో దాదాపు 15 శాతం అక్కడిదేనని ఐక్యరాజ్యసమితి లెక్క. మీరు ఈ వ్యాసం చదువుతున్న ఫోన్‌లో కూడా దాన్నుంచి తీసిన టాంటలం చిటికెడు ఉండే ఉంటుంది. 2024 ఏప్రిల్‌లో ఎం23 ఆ గనుల్ని చేజిక్కించుకుని, పన్నుల రూపంలో నెలకు 8 లక్షల డాలర్ల దాకా రాబట్టిందని ఐరాస నిపుణులు రాశారు. ఆ ఖనిజం సరిహద్దు దాటి రువాండా ఖనిజంలో కలిసిపోతోందని కూడా రాశారు. దీనికి సదస్సు లేదు, ప్రకటన లేదు, ఫొటో లేదు. కాంగో, రువాండాల మధ్య కుదిరిన వాషింగ్టన్ ఒప్పందంలో ప్రాంతీయ ఆర్థిక ఏకీకరణ అనే భాగం పెట్టి ఖనిజాల వ్యాపారాన్ని అందులోకి తెచ్చారు. రాత్రిపూట జరుగుతున్నదాన్ని పగలు జరిపించడం కూడా సంస్కరణే.

ఆ ఒప్పందం మీద విదేశాంగ మంత్రులు 2025 జూన్ 27న సంతకాలు చేశారు. అధ్యక్షులు స్వయంగా వెళ్ళి డిసెంబరు 4న ట్రంప్ సమక్షంలో మళ్ళీ చేశారు. పొరుగు దేశాధినేతలు సాక్షులుగా నిలబడ్డారు. చెప్పానుగా, ఉవీరా పోయిందని. అది వారం తిరక్కుండానే జరిగింది. దౌత్యంలో వారం అంటే తక్కువేం కాదు. అయినా బయటినుంచి ఒత్తిడి పెరిగేసరికి ఉవీరా నుంచి తప్పుకుంటున్నామని ఎం23 ప్రకటించింది. ఇళ్ళు వదిలి పారిపోయినవాళ్ళు 2025 ఆరంభానికే కాంగో మొత్తంలో 70 లక్షలు దాటారు. వాళ్ళకి ఏ కూటమిలోనూ సభ్యత్వం లేదు.

తుపాకుల మోత ఆపేద్దామని ఆఫ్రికన్ యూనియన్ 2013లో శపథం పట్టింది. గడువు 2020. గడువు వచ్చాక నాయకులు తుపాకుల వైపు చూశారు, క్యాలెండర్ వైపు చూశారు, రెంటిలో తమ మాట వినేది క్యాలెండరేనని గ్రహించి గడువును 2030కి జరిపారు.

అన్నీ ఇలాగే ఏడిశాయా అంటే, ఒక్కటి మాత్రం లేదు. కివూ సరస్సు నుంచి టాంగన్యికా సరస్సుకి రుజిజి నది పారుతుంది. దాని మీద 1980ల చివర్లో కట్టిన ఓ జలవిద్యుత్ కేంద్రాన్ని కాంగో, రువాండా, బురుండి మూడింటి ఉమ్మడి కంపెనీ నడుపుతుంది. యంత్రాలు పాతబడ్డాయి, బిల్లుల బకాయిల గొడవా ఉంది. అయినా సైన్యాలు అటూ ఇటూ నడుస్తున్న ఇన్నేళ్ళలో ఆ మూడు దేశాలూ ఆ కరెంటు పంచుకుంటూనే వచ్చాయి. అదే నది మీద ఇంకో పెద్ద ప్రాజెక్టు కూడా ముగ్గురూ కలిసే తలపెట్టారు. దాని మీద శిఖరాగ్ర సదస్సు జరిగినట్టు గానీ, మాజీ అధ్యక్షుడెవరైనా ప్రత్యేక దూతగా వెళ్ళినట్టు గానీ నేను వినలేదు. ఈ సంగతి మీ దగ్గరే ఉంచండి. దోహాకో నైరోబీకో తెలిసిందంటే, రేపటికల్లా ఆ టర్బైన్లకు ఒక సమన్వయ కమిటీ వేస్తారు.