గేటు దాకానే వేసవి శిబిరం

పరీక్షలు అయ్యీ అవగానే చెన్నై గోడల మీదికి వేసవి శిబిరాల పోస్టర్లు ఎక్కేస్తాయి. ఈత, కరాటే, కీబోర్డు, చదరంగం. ఆటిజం ఉన్న బిడ్డ తల్లి ఫోన్ చేస్తే మాత్రం అటు నుంచి వచ్చే మొదటి ప్రశ్న, "బాబు మాట్లాడతాడా అండీ?" రెండోది, "కుదురుగా కూర్చుంటాడా?" ఆ తర్వాత, "బాబు వెంటే ఉండి చూసుకునే షాడో టీచర్‌ని మీరే పంపాలి, ఫీజు మామూలే." పొమ్మనలేక పొగబెట్టడమంటే ఇదే.

అడగాల్సిన ప్రశ్నలు వేరు. దాహమేస్తే ఎలా చెబుతాడు? బాత్రూమ్‌కి ఎలా అడుగుతాడు? ఏ చప్పుడుకి చెవులు మూసుకుంటాడు? గేటు తెరిచి ఉంటే ఎటు పరుగెడతాడు? ఫిట్స్ ఉన్నాయా, మందు ఏ వేళకి? ఇవన్నీ ఒక్క పేజీలో పట్టే సంగతులు. ఆ పేజీ ఆఫీసు ఫైల్లో ఉంటే లాభం లేదు, పిల్లాడి వెంట ఉండే మనిషి జేబులో ఉండాలి.

శిబిరం బాగుందో లేదో బ్రోషర్ చూసి చెప్పలేం, మనుషుల్ని లెక్కపెట్టి చెప్పొచ్చు. ఎనిమిది మంది పిల్లలకి నలుగురు పెద్దలు, వాళ్లు కాక ఏ పనీ అప్పజెప్పని ఐదో మనిషి ఒకరు ఉండాలని మా అభిప్రాయం. ఆ ఐదో మనిషి దండగనుకునే చోటే మొదటి వారంలో శిబిరం కుప్పకూలుతుంది. ఒక పిల్లాడు నేల మీద పడి ఏడుస్తుంటే ఒకరు వాడి దగ్గర ఉండాలి, ఇంకొకరు మిగతా వాళ్లని పక్కకి తీసుకుపోవాలి. అప్పుడు తలుపు దగ్గర ఎవరుంటారు? ప్రత్యేక ఉపాధ్యాయులని చెప్పుకునేవారికి భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందో లేదో అడగడం తల్లిదండ్రుల హక్కు. నెల రోజుల్లో మాటలు తెప్పిస్తామనే చోట ఆ సంఖ్య కూడా అడగక్కర్లేదు, తిరిగి వచ్చేయొచ్చు.

శిబిరం మొదలయ్యే ముందు వారంలోనే పిల్లాడిని ఖాళీ హాలుకి తీసుకెళ్లి ఇరవై నిమిషాలు తిప్పి చూపించాలి. అదే రోజు గేటు, చెప్పుల స్టాండు, బాత్రూమ్, నీళ్ల కుండ ఫొటోలు తీసి, లామినేట్ చేసి, వరసగా ఒక అట్టకి అతికిస్తే అదే దినచర్య పట్టిక. ఒక పని అయ్యాక ఆ బొమ్మ పీకి డబ్బాలో వేస్తాడు. తర్వాత ఏమిటో కంటికి కనబడుతుంటే గాభరా సగం తగ్గుతుంది. ఇంటర్‌నెట్‌లో దొరికే బొమ్మలు దీనికి పనికిరావు, బాత్రూమ్ అంటే ఆ బాత్రూమే కావాలి. మొదటి మూడు రోజులు గంటన్నర చాలు, తర్వాత తొమ్మిదిన్నర నుంచి పన్నెండు దాకా పెంచొచ్చు. కత్తిరి ఎండల్లో అంతకు మించి ఎలాగూ కుదరదు. చెమటకి తడిసి ఒంటికంటుకున్న చొక్కా కొందరు పిల్లలకి ముల్లులా గుచ్చుకుంటుంది. ఆ ఏడుపుని మొండితనమనుకుంటారు. సంచిలో రెండు పాత కాటన్ బనియన్లు పెట్టి పంపితే చాలు.

ప్రశాంతంగా కూర్చునే మూల ఒకటి ఉండాలి: చాప, దిండు, చెవులకి హెడ్‌ఫోన్లు, మిణుకుమనని దీపం. అల్లరి చేశాడని ఒక్కసారి వాడిని అక్కడ కూర్చోబెడితే, నిజంగా అవసరమైనప్పుడు ఇక అటు వెళ్లడు. వాడికి తట్టుకోలేని స్థితి వచ్చినప్పుడు పెద్దలు చేసే పెద్ద తప్పు మాట్లాడటం. "ఏమైంది నాన్నా, ఇటు చూడు" అని ముగ్గురు ఒకేసారి బుజ్జగిస్తుంటే చెవిలో పడే చప్పుడు మూడింతలవుతుంది. మాట తగ్గించాలి, చుట్టూ ఖాళీ చేయాలి, దెబ్బ తగిలే వస్తువులు తీసేయాలి, ఆగాలి. ఫోన్లో వీడియో తీయడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు.

నలుగురితో కలవడం నేర్పుతామని అందరూ అంటారు, ఎలాగో కొద్దిమందే చెబుతారు. మన అష్టాచెమ్మానే చూడండి. వంతు కోసం ఆగడం, ఓడిపోవడం, ఎదుటివాడి కాయని చూడటం అన్నీ అందులో ఉన్నాయి. కానీ నలుగురు పిల్లల్ని ఒకేసారి కూర్చోబెడితే పది నిమిషాల్లో గవ్వలు గాల్లో ఉంటాయి. మొదట ఇద్దరే, చెరో రెండు కాయలే, చంపుకోవడం లేదు. గవ్వలు ఒక పళ్లెంలో పెట్టి, పళ్లెం ఎవరి ముందుంటే వంతు వాళ్లది అని చూపించాలి. "ఆగు, ఆగు" అని పదిసార్లు చెప్పే పని పళ్లెం చేసిపెడుతుంది. గచ్చు మీద గవ్వల చప్పుడు పడని వాళ్లుంటారు, కింద తుండుగుడ్డ పరవాలి. అసలు చిక్కు చెమ్మ పడ్డప్పుడు వస్తుంది. వేసినవాడికి ఇంకో పందెం ఉంటుంది కదా! ఎదురుగా లెక్కగా ఎదురుచూస్తున్న పిల్లాడికి అది నియమం తప్పడంలా కనిపిస్తుంది, పళ్లెం లాక్కుంటాడు. అందుకే చెమ్మకీ అష్టాకీ బొమ్మ గీసి, పక్కన "ఇంకోసారి" అన్న గుర్తు పెట్టి, ఆట మొదలవక ముందే చూపించాలి. చంపుకోవడం ఐదో రోజో ఆరో రోజో చేర్చాలి, అదీ కాయ పోతే ఏం చేయాలో పెద్దవాళ్లు ముందు తమ కాయ పోగొట్టుకుని చూపించాక. కళ్లలోకి చూసి మాట్లాడమని ఆ మధ్యలో ఎవరూ సతాయించకూడదు.

మన తెలుగు ఇళ్లకి ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, శిబిరంలో ఇంగ్లీషు. "ఇంట్లో తెలుగు మానేయండి, పిల్లాడికి గందరగోళం" అని సలహాలిచ్చేవాళ్లకి ఈ ఊళ్లో కొదవ లేదు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లల మాట వెనకబడుతుందనడానికి పరిశోధనల్లో ఆధారం దొరకలేదు. మానేయాల్సింది తెలుగు కాదు, శిబిరం వాళ్ల బద్ధకం. ఉయ్యాల మీద పిల్లాడు "చాలు" అంటున్నాడు, వెనక నుంచి ఊపుతున్న కుర్రవాడికి అదే అర్థమున్న తమిళ "పోదుం" తప్ప తెలియదు, ఇంకా ఊపుతాడు. చివరికి పిల్లాడు చెయ్యి కొరుకుతాడు. రాత్రికి అమ్మకి ఫోన్ వస్తుంది, "కొరుకుతున్నాడండీ" అని. చాలు, వద్దు, నీళ్లు, నొప్పి, ఇంటికి. ఈ ఐదు మాటలు వాలంటీరుకి నేర్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. మాట రాని పిల్లలకి ఇవే బొమ్మ కార్డుల మీద ఉండాలి.

చప్పున బయటికి పరుగెత్తే పిల్లలు చాలాసార్లు నీళ్ల వైపే వెళతారు. గుడి కోనేరు, అపార్ట్‌మెంటు ఈతకొలను, సముద్రం, అన్నీ ఉన్న ఊరు ఇది. పని మారిన ప్రతిసారీ తలలు లెక్కపెట్టాలి.

ఇదంతా దయ కాదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. తగిన సర్దుబాటు నిరాకరించడం కూడా వివక్షేనని అందులో ఉంది. 29వ సెక్షను వినోద కార్యక్రమాల్లో సమాన అవకాశం కల్పించే బాధ్యతని ప్రభుత్వంతో పాటు స్థానిక సంస్థల మీదా పెట్టింది. అంటే చెన్నై కార్పొరేషన్ మీద. బహుళ వైకల్యాల జాతీయ సంస్థ ముట్టుకాడులో ఉంది, నిజమే. పెరంబూరు నుంచి మే నెల ఎండలో బిడ్డని వేసుకుని రోజూ ఊరి ఆ చివరికి ఎవరు వెళతారు? వేసవిలో కార్పొరేషన్ బళ్లు ఖాళీగానే ఉంటాయి. కార్పొరేషన్ ప్రతి మండలంలో (జోన్‌లో) ఒక బడి, రెండు గదులు, పొద్దున రెండున్నర గంటలు కావాలి. సమగ్ర శిక్షా అనే ప్రభుత్వ బడి చదువుల పథకంలోని ప్రత్యేక ఉపాధ్యాయులని వేసుకుంటే ఆ పనికి విడిగా డబ్బివ్వాలి, సెలవుల్లో ఊరికే రమ్మనకూడదు. వాలంటీర్ల శిక్షణకి, ఫొటోల పట్టికలకి, ఒక్కో పిల్లాడి వివరాల పేజీ నింపడానికి వారాలు పడుతుంది కాబట్టి ఏప్రిల్‌లో సర్క్యులర్ వేస్తే మేలో శిబిరం నడవదు. జనవరిలోనే ఫారాలు పంచాలి. అవి తమిళం, ఇంగ్లీషులతో పాటు తెలుగులోనూ అచ్చేయించి, "మీ పిల్లాడు ఇక ఆపమనడానికి ఏ మాట అంటాడు?" అని ఒక గడి అందులో ఉంచాలి.