బ్రూనోకి క్యారెట్, బావగారికి కట్ మిర్చి

తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో మొదలై, 1958లో హైదరాబాదుకు మకాం మార్చి, అప్పటినుంచీ ఏం తినాలో మనకు చెబుతూనే ఉంది. 2024లో ఇంకోసారి విడమరచి చెప్పింది: రోజుకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు. ఇంత చెప్పినా వినే నాథుడు లేడని అక్కడి శాస్త్రవేత్తలు దిగులు పడుతున్నారేమో, పడనక్కర్లేదు. మా అపార్ట్‌మెంట్లో విన్నవాళ్లు చాలామందే ఉన్నారు. కాకపోతే అందరికీ తోకలున్నాయి.

మా అక్కయ్య ఇంట్లో బ్రూనో అనే లాబ్రడార్ సంగతే తీసుకోండి. పొద్దున్నే కీర దోసకాయ చక్రాలు. కాసేపాగి ఆపిల్, అదీ గింజలు ఏరి. ఆ గింజలు నలిగితే సైనైడ్ పుడుతుందన్నది నిజమే కాబట్టి, అక్కయ్య కళ్లజోడు పెట్టుకుని మరీ ఏరుతుంది. సాయంత్రం ఉప్పూ కారం పోపూ లేకుండా ఆవిరి మీద ఉడికిన గుమ్మడికాయ, బీన్స్. వేసవిలో చల్లటి పుచ్చకాయ, గింజా తొక్కా తీసేసి. మామిడిపండైతే కండ బ్రూనోకి, టెంక బావగారికి. "టెంక మింగితే పేగులో అడ్డం పడుతుంది, పాపం వాడికెలా పెడతాం?" అంటుంది అక్కయ్య. న్యాయమైన మాటే. బావగారి పేగుల ప్రస్తావన ఆ చర్చలో రాలేదు.

బావగారికి షుగరు, బీపీ రెండూ ఉన్నాయి. సొరకాయ పొడ గిట్టదు. బీరకాయ చూస్తే ఆకలి చచ్చిపోతుంది. కానీ బ్రూనో క్యారెట్ తినకపోతే మాత్రం ఆయన ముద్ద ముట్టడు. "ఫైబరు లేకపోతే ఎలారా నాన్నా" అని గడ్డం పట్టుకుని బతిమాలతాడు. ఆ 'నాన్నా' అన్న పిలుపు కన్నకొడుకు వినగా ఎవరూ ఎరగరు.

ట్రీట్లు ఏవైనా, చివరికి క్యారెట్ ముక్కలైనా, రోజు మొత్తం కేలరీల్లో పదో వంతు మించకూడదని పశువుల డాక్టరమ్మ చెప్పింది. ఆ సాయంత్రమే వంటింట్లోకి త్రాసు వచ్చింది. బావగారి డాక్టరు మిక్చరు గురించీ, కారప్పూస గురించీ ఇలాంటి మాటే ఏళ్లుగా చెబుతున్నాడు. "డాక్టర్లన్నాక అలాగే అంటారు" అని కొట్టిపారేశాడు మా బావ. ఆయనా పదో వంతు లెక్కే పాటిస్తాడనుకోండి. పదో వంతు భోజనం, మిగతాదంతా చిరుతిండి.

ఇంకో విశేషం వినండి. కుక్క తనకు కావలసిన సి విటమిన్ తన కాలేయంలోనే తయారు చేసుకుంటుంది. మనిషి కాలేయానికి ఆ విద్య రాదు. అంటే పండు తినకపోతే చిగుళ్ల నుంచి రక్తం కారేది బావగారికి; పీచు తీసి, గింజలు తీసి ఒలిచిన కమలా తొనలు అందేది బ్రూనోకి. లేనివాడికి పెట్టడం దానం, ఉన్నవాడికి పెట్టడం మర్యాద. మాది మర్యాదస్తుల కుటుంబం.

కుక్క మాంసాహారి కదా, ఈ ఆకులూ కాయలూ ఏమిటని అడిగే వాళ్లుంటారు. స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం వాళ్లు 2013లోనే తేల్చారు: తోడేళ్ల కంటే కుక్కల్లో పిండిపదార్థం అరిగించే జన్యువు ప్రతులు ఎన్నో ఎక్కువ. వేల ఏళ్లు మన ఎంగిలి తిని బతికినందుకు దక్కిన ఆస్తి అది. మా ఊళ్లో సంకటీ గంజీ తిని గడ్డివాము కాపలా కాసిన కుక్కలకు ఈ సంగతి ముందే తెలుసు, పేపరు రాయలేదంతే. 2016లో కేంబ్రిడ్జి వాళ్లు లాబ్రడార్ల మీద పడ్డారు. దాదాపు నాలుగో వంతు లాబ్రడార్లలో ఒక జన్యువులో ముక్క ఊడిపోయి ఉంటుందట, దాని వల్ల ఆకలి అదుపులో ఉండదట. బ్రూనో ఎంత తిన్నా ఇంకా కావాలంటున్నాడంటే సరే, కారణం ఉంది. అయిదో గారె దగ్గర బావగారికి ఊడిపోయిందేమిటో కూడా ఎవరైనా పరిశోధిస్తే బాగుండు.

ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. ఉల్లీ వెల్లుల్లీ రక్తకణాలను విరగ్గొడతాయి. ఇందులో వేళాకోళమేమీ లేదు. అందుకే శుక్రవారం చక్రపొంగలి గిన్నెకు అక్కయ్య కాపలా కూర్చుంటుంది. వాళ్ల అత్తగారు ప్రసాదం పెట్టకపోతే పాపమని, కిస్‌మిస్‌తో సహా చాటుగా వేసేరకం.

మరి బావగారి పోషణ ఎక్కడ జరుగుతుందంటారా? గేటు బయట బజ్జీల బండి దగ్గర. బ్రూనోని వాకింగుకు తిప్పే వంకతో రోజూ వెళతాడు. ఆయన నోట్లో కట్ మిర్చి, బ్రూనో నోట్లో జేబులోంచి తీసిన క్యారెట్ ముక్క. ఆయన రాల్చినవి వీధి కుక్క తింటుంది. ఆహారం వరకూ చూస్తే మా బావ ఆ వీధి కుక్క కులస్థుడే. ఉల్లి ముక్కలు చల్లినవి దానికీ వేయొద్దని మాత్రం మనవి. దానికి త్రాసు పట్టే అక్కయ్య లేదు.

అందుచేత అక్కయ్య ముందు ఒక ప్రతిపాదన పెట్టాను. బావగారిని కూడా ఆరు నెలల పాటు కుక్కగా పరిగణించి, అదే పళ్లెం, అదే త్రాసు, అదే గుమ్మడికాయ ముక్క పెడితే షుగరు దానంతటదే దిగుతుంది కదా అని.

అక్కయ్య శ్రద్ధగానే విన్నది. "బ్రూనో 'సిట్' అంటే కూర్చుంటాడు, 'నో' అంటే వదిలేస్తాడు. మీ బావ ఏ మాట వింటారని తీసుకోమంటావురా?" అంది.